జబ్బు సంగతి వీధికెక్కకుండా సర్కారు ఆసుపత్రిలో చూపించుకోవడం ఎలా

మా మేనత్తకి గర్భసంచి ఆపరేషన్ కోసం వైజాగ్‌లో ఒక పెద్ద ఆసుపత్రి చుట్టూ నాలుగు రోజులు తిరిగాను. మూడో రోజు స్కాన్ రిపోర్టు, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు కావాలన్నారు. ఎదురు సందులో షాపుకి వెళ్తే ఆ అబ్బాయి తలెత్తకుండానే "ఈ నంబరుకి వాట్సాప్ పెట్టేయండి" అని గోడకి అంటించిన కాగితం చూపించాడు. పెట్టాను. నాది వెతకడానికి అతను కంప్యూటర్లో పైకీ కిందకీ జరుపుతుంటే ఆ రోజు వచ్చిన వాళ్ళందరి కాగితాలూ వరసగా కనిపిస్తున్నాయి. ఎవరిదో కడుపు స్కాన్, ఎవరిదో రక్తపరీక్ష, ఎవరిదో బ్యాంకు పాస్‌బుక్కు. వాటి మధ్యలో నాకు తెలిసిన మొహం ఒకటి, ఆధార్ మీద. దాని కిందే సైకియాట్రీ మందుల చీటీ. చూడకూడదు అనుకునేలోపే చూసేశాను. ఆయన ఇప్పటికీ ఎదురుపడితే "ఏం బాబూ, అత్తకి ఎలా ఉంది" అని నవ్వుతూ పలకరిస్తారు. నేనే ఆయన మొహం వైపు సరిగ్గా చూడలేను.

డేటా, ప్రైవసీ అనగానే మనకి హ్యాకర్లు గుర్తొస్తారు. వాళ్ళు లేరనట్లేదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగితే రోజుల తరబడి అక్కడ పనులన్నీ చేత్తో రాసుకుని నడిపారు, 2023 జూన్‌లో కోవిన్‌లో కరోనా టీకా కోసం ఇచ్చిన వివరాలు ఒక టెలిగ్రామ్ బాట్‌లో వచ్చేస్తున్నాయని పెద్ద గోలయింది. అలాంటి వాటి విషయంలో మీరూ నేనూ చేయగలిగింది అవసరానికి మించి ఇవ్వకపోవడం ఒక్కటే. కానీ సర్కారు ఆసుపత్రికెళ్ళే మామూలు మనిషికి జరిగే నష్టం చాలావరకు కౌంటర్ దగ్గర వెనకాల నిలబడ్డ వాళ్ళ వల్ల, జిరాక్స్ షాపు వల్ల, మన సొంత ఫ్యామిలీ గ్రూపు వల్ల. సముద్రాల అవతల ఎవడికో నా షుగర్ ఎంతో తెలిస్తే నాకేం పోదు. సంబంధం చూడటానికి వచ్చిన వాళ్ళకి మా చెల్లి ఏ మాత్రలు మింగుతోందో తెలిస్తే మాత్రం పోతుంది. అందుకే ముందు మన చేతిలో ఉన్నవి, తర్వాత కంప్యూటర్ల సంగతి.

ఒక మాట ఇక్కడే అనేస్తాను. డాక్టర్ దగ్గర ఏదీ దాచొద్దు. మందు తాగుతారా, పాత అబార్షన్ ఉందా, ఏ మాత్రలు వాడుతున్నారు, అన్నీ చెప్పాల్సిందే. నేను చెప్పేది డాక్టర్ చెవిన పడాల్సింది డాక్టర్ చెవినే పడాలని.

బయల్దేరే ముందు, ఇంట్లోనే

జిరాక్సులు ఆసుపత్రి ఎదురుగా కాదు, ముందురోజు మీ వీధిలో తీయించుకోండి, అది కూడా కాగితం చేతికిచ్చి ఎదురుగా నిలబడి. వాట్సాప్‌లో పంపడం తప్పనిసరైతే ప్రింటు చేతికొచ్చాక "బాబూ, నా చాట్ తీసేయి" అని అక్కడే అడిగి, తీసేదాకా కదలకండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. మీ ఫోన్లో 'అందరికీ డిలీట్' కొట్టినా, అతను అప్పటికే కంప్యూటర్లో దింపుకున్న ఫైలు మాత్రం అక్కడే పడి ఉంటుంది, కాబట్టి డౌన్‌లోడ్స్ కూడా చూపించమనండి. ఇచ్చే ప్రతి జిరాక్సు మీద పెన్నుతో అడ్డంగా "ఫలానా ఆసుపత్రిలో ఓపీ కోసం మాత్రమే" అని రాసి తేదీ వేయండి. అక్షరాలు నంబరు మీదుగా పోవాలి, అంకెలు మాత్రం చదవగలిగేలా ఉండాలి. ఆ కాగితం పట్టుకెళ్ళి ఎవరో మీ పేరు మీద సిమ్ తీసుకోవడం అంత తేలిక కాదు.

ఆధార్ వెబ్‌సైట్లో కార్డు డౌన్‌లోడ్ చేసేటప్పుడు 'మాస్క్‌డ్ ఆధార్' అని ఒక టిక్కు ఉంటుంది. అది పెడితే మొదటి 8 అంకెలు కనిపించవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. ఫైలు తెరవడానికి పాస్‌వర్డ్ అడుగుతుంది, పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు క్యాపిటల్స్‌లో, పక్కనే పుట్టిన సంవత్సరం. మామూలు ఓపీకి, గుర్తింపు కోసం అడిగే చోట ముందు అదే చూపించండి. ఉచిత ఆపరేషన్ స్కీము ఉన్నచోట పూర్తి నంబరు కావాలంటారు, అక్కడ తప్పదు. అందుకని రెండూ పట్టుకెళ్ళండి, అడిగిన చోట అడిగినది ఇవ్వండి. ఆధార్‌లో వేలిముద్రలు ఎవరూ వాడకుండా బయోమెట్రిక్ లాక్ పెట్టుకున్న వాళ్ళకి ఒక జాగ్రత్త: వేలిముద్ర వేయాల్సిన రోజున లాక్ తీసి వెళ్ళండి, లేకపోతే మిషన్ ఒప్పుకోదు, మీరు లైన్లో ఉక్కిరిబిక్కిరి అవుతారు, వెనకున్న వాళ్ళు మీ మీద అరుస్తారు.

ఇక ఫోన్ నంబరు. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ నా దృష్టిలో సగం తంటా ఇక్కడే. పెద్దవాళ్ళకి ఫోన్ ఉండదు, ఉన్నా ఎత్తడం తప్ప రాదు, అందుకని కౌంటర్లో అల్లుడి నంబరో, పక్కింటి కుర్రాడి నంబరో చెప్పేస్తారు. ఇక అక్కడి నుంచి ఓటీపీలు, ల్యాబ్ రిపోర్టు తయారైందన్న మెసేజీలు, మళ్ళీ ఫలానా తేదీన రమ్మన్నవి, అన్నీ ఆ నంబరుకే పోతాయి, రేపు ఆ కుర్రాడు సిమ్ మార్చేస్తే అదే నంబరు ఇంకెవరి చేతికో వెళ్తుంది. మా అత్త విషయంలో పాత ఓపీలో ఎవరి నంబరు ఇచ్చిందో ఆవిడకే గుర్తులేదు. "అప్పుడెవరో రాసేశారు, నాకేటి తెలుసు బాబూ" అంది. చివరికి చూస్తే అద్దెకున్న వాళ్ళది, వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి అనకాపల్లి వెళ్ళిపోయి రెండేళ్ళయింది. కాబట్టి పేషెంటుకి సొంత ఫోన్ ఉంటే అదే ఇవ్వండి, లేకపోతే ఇంట్లో ఒకే మనిషిని అనుకుని ఎప్పుడూ ఆ నంబరే ఇవ్వండి, పాతది ఉంటే "నంబరు మార్చండి" అని కౌంటర్లోనే అడగండి.

ఓపీ కౌంటర్

చీటీకి కావలసింది పేరు, వయసు, ఆడా మగా, ఊరు, ఫోన్ నంబరు, ఏ విభాగం. అంతే. "ఏటమ్మా నీ బాధ" అని లోపలి నుంచి గట్టిగా అడుగుతారు, వాళ్ళ తప్పు కూడా పూర్తిగా కాదు, అద్దం వెనక నుంచి వినపడదు, లైన్లో రెండొందల మంది ఉంటారు. మీరు గట్టిగా జబ్బు చెప్పక్కర్లేదు. విభాగం పేరు చెప్పండి: గైనిక్, స్కిన్, యూరాలజీ. అది కూడా బయటికి చెప్పడానికి మొహమాటమైతే చిన్న కాగితం మీద రాసి లోపలికి తోయండి. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే "డాక్టర్ గారికి చెప్తానండి" అంటే చాలు, ఆ మాటకి ఎవరూ కాదనరు.

ఇప్పుడు చాలా చోట్ల కౌంటర్ పక్కన క్యూఆర్ బోర్డు ఉంటుంది. ఆభా అనే సర్కారు ఆరోగ్య ఖాతా యాప్‌తో స్కాన్ చేస్తే మీ పేరు, వయసు, చిరునామా, ఫోన్ నంబరు ఆసుపత్రి కంప్యూటర్‌కి వెళ్ళి టోకెన్ నంబరు వస్తుంది. నిజం చెప్పాలంటే ప్రైవసీకి ఇది మంచిదే, నోటితో గట్టిగా చెప్పే పని తప్పుతుంది. ఆ స్కాన్‌తో వెళ్ళేది ఈ పైపై వివరాలే, మీ పాత జబ్బుల చిట్టా వెళ్ళదు.

ఆభా అంటే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు, 2021 సెప్టెంబరులో దేశమంతా మొదలైంది. ఇది మీ ఇష్టం మీద ఆధారపడినది. లేదని వైద్యం ఆపడానికి లేదు. కానీ జరిగేదేమిటంటే, కౌంటర్లో ఆధార్ తీసుకుని, "ఓటీపీ వచ్చిందా, చెప్పండి" అంటారు, మనం చెప్పేస్తాం, రెండు నిమిషాల్లో మన పేరు మీద ఖాతా పుట్టేస్తుంది, మనకి తెలియనే తెలియదు. ఖాతా ఉండటం తప్పు కాదు. తెలియకుండా ఉండటం తప్పు. కాబట్టి ఓటీపీ చెప్పే ముందు మెసేజ్ మొత్తం చదవండి, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, దేనికి అని. "ఇది దేనికండి?" అని అడగండి. ఆభా కోసమే అంటే, కావాలనుకుంటే చెప్పండి, వద్దనుకుంటే "ఇప్పుడొద్దు, చీటీ మామూలుగా ఇవ్వండి" అనండి. అరిచి చట్టాలు చెప్పొద్దు, కౌంటర్లో కూర్చున్న మనిషికి పైనుంచి రోజుకిన్ని చేయాలన్న ఒత్తిడి ఉంటే ఉండొచ్చు, మీరు మర్యాదగా వద్దంటే అతనికీ సుఖమే.

మీకు ఇప్పటికే ఆభా ఉందో లేదో చూసుకోవాలంటే ఆభా వెబ్‌సైట్లో గానీ యాప్‌లో గానీ ఆధార్‌తోనో ఫోన్ నంబరుతోనో లాగిన్ అవ్వండి. ఉంటే కనిపిస్తుంది. అందులో కొన్నాళ్ళు ఆపేసుకునే దారి, పూర్తిగా తీసేసుకునే దారి రెండూ ఉన్నాయి. అయితే ఒకటి గుర్తుంచుకోండి, ఆభా తీసేస్తే ఆసుపత్రి తన దగ్గర రాసుకున్న రికార్డు పోదు. ఎందుకంటే ఈ పద్ధతిలో రిపోర్టులన్నీ ఢిల్లీలో ఒక గోడౌన్లో పోగుపడవు, ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటాయి, ఆభా వాటిని కలిపే దారం లాంటిది.

ఆ దారం పట్టుకుని వేరే ఆసుపత్రి వాళ్ళు మీ పాత రిపోర్టులు చూడాలంటే మీ ఫోన్‌కి పర్మిషన్ అడుగుతూ రిక్వెస్ట్ వస్తుంది. మనోళ్ళు దాన్ని కూడా గుడ్ మార్నింగ్ మెసేజ్‌లా నొక్కేస్తారు. నొక్కే ముందు ఐదు చూడండి: అడుగుతున్నది ఎవరు, ఎందుకు, ఏ రకం రిపోర్టులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్నాళ్ళ పాటు. మోకాలు నొప్పికి వెళ్ళినప్పుడు పదేళ్ళ కిందటి కాన్పు కాగితాలు వాళ్ళకి అక్కర్లేదు, తేదీలు తగ్గించి, అవసరమైనవే ఉంచి ఒప్పుకోండి. ఒప్పుకున్న తర్వాత కూడా వెనక్కి తీసుకోవచ్చు. కాకపోతే అప్పటికే చూసేసిన దాన్ని మర్చిపొమ్మని చెప్పలేం కదా.

స్కీములో ఆపరేషన్ అయితే

ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, పేరు ఏదైనా ఇక్కడ మీకు ఎంచుకునే వీలు తక్కువ. డబ్బు కట్టేది స్కీము కాబట్టి మనిషి నిజమేనా, జబ్బు నిజమేనా అని వాళ్ళు చూసుకుంటారు, కార్డు, ఆధార్, రిపోర్టులు, బెడ్ మీద ఫొటో అన్నీ పైకి వెళ్తాయి. వద్దంటే ఆపరేషన్ కాదు. మీరు చేయగలిగిందల్లా ఆ వివరాలు సరైన మనిషికే ఇవ్వడం. ఆసుపత్రిలో ఈ స్కీము పనులు చూసే ఆరోగ్యమిత్ర డెస్కు ఉంటుంది, అక్కడే ఇవ్వండి. కారిడార్లో "నేను చూసుకుంటాలెండి, కార్డు, ఓటీపీ ఇవ్వండి" అని తిరిగేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఒక్క కాగితం కూడా ఇవ్వకండి.

బెడ్ ఫొటో గురించి. మా అత్తని ఫొటో తీయడానికి వచ్చిన కుర్రాడు తన సొంత ఫోనే ఎత్తాడు. దుప్పటి సగం జారి ఉంది, ఆవిడ మత్తులో ఉంది. "ఒక్క నిమిషం బాబూ" అని దుప్పటి సరిచేసి, "ఇది మీ ఫోన్లోనే ఉండిపోతుందా?" అని అడిగాను. కాసేపు తడబడి, అప్‌లోడ్ అయ్యాక గ్యాలరీ తీసి నా ఎదురుగానే డిలీట్ చేశాడు, తర్వాత ట్రాష్‌లోంచి కూడా. పాపం చెడ్డ కుర్రాడేం కాదు, ఇదివరకు ఎవరూ అడగలేదంతే. ఆ గ్యాలరీలో అలాంటి ఫొటోలు ఇంకెన్నో ఉన్నాయి, అది కూడా చూశాను.

వార్డులో

వైజాగ్ కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి, 1923 నుంచీ ఉంది, ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధం, అంటే అక్కడ పేషెంటు మంచం చుట్టూ స్టూడెంట్లు నిలబడటం కూడా వందేళ్ళ అలవాటే. వాళ్ళు నేర్చుకోకపోతే రేపు డాక్టర్లు రారు, నేను దానికి వ్యతిరేకం కాదు. కానీ బట్టలు తీసి చూడాల్సిన పరీక్షప్పుడు అడ్డం తెర పెట్టమని అడగొచ్చు, ఇంతమంది వద్దనొచ్చు. ఆడవాళ్ళని మగ డాక్టర్ పరీక్షిస్తుంటే పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలన్నది జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన పేషెంట్ల హక్కుల పత్రంలోనే ఉంది. ఫోన్‌తో ఫొటో తీయబోతే "ఎందుకండి?" అని అడగండి, చదువు కోసమైతే మొహం రాకుండా, పేరు రాకుండా తీయమనండి, ఇష్టం లేకపోతే వద్దనండి. వద్దన్నందుకు వైద్యం తగ్గదు.

ఇంటివాళ్ళ గురించి కూడా చెప్పాలి. మొదటిరోజు డాక్టరమ్మ అడిగే ప్రశ్నలకి మా అత్త నా వైపు చూసి తల దించుకుంటోంది. నాకు వెలగలేదు. అక్కడున్న సిస్టర్ "తమ్ముడూ, నువ్వు కొంచెం బయట నిలబడు" అంది. తలుపు మూసిన పది నిమిషాల్లో ఆవిడ మా ఇంట్లో పదేళ్ళుగా ఎవరికీ చెప్పని బాధలన్నీ చెప్పిందట. తోడుగా వెళ్ళిన వాళ్ళం మనమే ఒక్కోసారి అడ్డు. అడగకముందే లేచి బయటికి రండి. మీరే పేషెంటైతే "వీళ్ళ ముందు వద్దు" అనడానికి వెనకాడకండి, కట్టుకున్న మనిషైనా సరే. బీచ్ దగ్గర ఆడవాళ్ళ విక్టోరియా ఆసుపత్రిని ఊరంతా ఘోషాసుపత్రి అంటాం కదా, ఘోషా అంటే పరదా అని ఈకాలం పిల్లలకి తెలియదు. పేరులో మిగిలింది, తెర మాత్రం మనం అడిగి వేయించుకోవాలి.

వీడియోలు. 2020 మే 7న వైజాగ్ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకైన పొద్దున రోడ్డు మీద పడిపోయిన ఆడవాళ్ళు, పిల్లల వీడియోలు మనందరి ఫోన్లలోకీ వచ్చాయి, మనమూ పంపాం. నేనూ పంపాను. వాళ్ళలో ఎవరికీ "వద్దు" అనే స్థితి లేదు. ఇప్పుడు క్యాజువాలిటీ దగ్గర ఎవరైనా ఫోన్ ఎత్తితే ఆ రోజే గుర్తొస్తుంది. మీవాళ్ళు స్ట్రెచర్ మీద ఉంటే ఒకరు డాక్టర్ వెంట ఉండండి, ఇంకొకరు కండువాయో చున్నీయో పట్టుకుని అడ్డం నిలబడండి.

గుమ్మంలోకి వచ్చే సర్వే

ఆశా, ఏఎన్ఎం ట్యాబ్‌తోనో ఫోన్‌తోనో ఇంటికొచ్చి బీపీ, షుగర్ చూస్తారు, 30 దాటిన వాళ్ళకి క్యాన్సర్ లక్షణాల ప్రశ్నలు కూడా ఉంటాయి, పొగ, మందు అలవాట్లు, నడుము కొలత, ఇంట్లో ఎవరికి ఏ జబ్బు అని రాసుకుంటారు. ఇది మన మంచికే, నేనైతే చేయించుకుంటాను, మా నాన్నకి షుగర్ ఉన్నట్టు తెలిసిందే అలా. చిక్కెక్కడంటే ఆశా మన వీధి మనిషి. అదే ఆవిడ బలం, అదే మన భయం. నెలసరి ఎప్పుడొచ్చింది, పిల్లలు పుట్టకుండా ఏం వాడుతున్నారు అన్న ప్రశ్నలు గుమ్మంలో నిలబడి, ఎదురు మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడకి వినపడేలా జరుగుతాయి. చేయాల్సింది చాలా చిన్నది: "లోపలికి రా అమ్మా, కూర్చో, మంచినీళ్ళు తాగు." తలుపు దగ్గరగా వేసి మాట్లాడండి. ఏదైనా చెప్పడం ఇష్టం లేకపోతే "అది డాక్టర్ గారికి చెప్తాను" అనండి. కాగితం మీద వీధిలో అందరి పేర్లు, జబ్బులు రాసి దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టేయడం కొన్నిచోట్ల చూశాను. మీ పేరు అలా వెళ్ళడం ఇష్టం లేదని ఆవిడకి నెమ్మదిగా చెప్పండి, వింటారు. కొత్త మొహం వచ్చి ఆధార్ ఓటీపీ అడిగితే మాత్రం గుర్తింపు కార్డు చూడండి, మీ సచివాలయం ఏఎన్ఎంకి ఫోన్ చేసి కనుక్కోండి. అప్పటిదాకా ఓటీపీ చెప్పొద్దు.

కొన్ని జబ్బులకి చట్టం వేరేగా ఉంది

వాల్తేరు వైపు మెంటల్ ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు కొందరు ఒక స్టాపు ముందే దిగి నడుస్తారు. ఆటోవాడికి కూడా ఆ పేరు చెప్పరు. అలాంటి భయం ఉన్న జబ్బులకి చట్టమే కొంత అండ ఇచ్చింది, కానీ అక్కడికి వెళ్ళేవాళ్ళకే అది తెలియదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మీ జబ్బు, చికిత్స సంగతి గోప్యంగా ఉంచడం మీ హక్కు, మీ ఒప్పుకోలు లేకుండా ఫొటో గానీ వివరాలు గానీ మీడియాకి ఇవ్వకూడదు. హెచ్ఐవీ చట్టం కూడా 2017దే, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది, మీకు చెప్పి, మీరు ఒప్పుకున్నాకే పరీక్ష చేయాలి, ఫలితం ఇంకొకరికి చెప్పడానికి కూడా మీ ఒప్పుకోలు కావాలి, మినహాయింపులు చాలా కొద్ది. ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో పెద్దగా రాసి మంచానికి తగిలిస్తే అది గోప్యత కాదు. అబార్షన్ చేయించుకున్న ఆడమనిషి పేరు, వివరాలు చట్టం ఒప్పుకున్న వాళ్ళకి తప్ప ఇంకెవరికైనా చెబితే ఏడాది వరకు జైలు పడొచ్చు, 2021 సవరణతో వచ్చింది.

టీబీ విషయంలో మాత్రం లెక్క వేరు. 2012 నుంచి టీబీ కేసు తెలిస్తే ప్రభుత్వానికి చెప్పి తీరాలి, ప్రైవేటు డాక్టరైనా సరే. మీ పేరు నిక్షయ్ అనే పోర్టల్‌లోకి ఎక్కుతుంది, వద్దనడానికి లేదు, వద్దనకూడదు కూడా, మందులు మధ్యలో ఆగకుండా చూసేది అదే. పౌష్టికాహారానికి నెలకి 1000 రూపాయలు, 2024 నవంబరు ముందు 500 ఉండేది, ఆ డబ్బు పడాలంటే బ్యాంకు ఖాతా ఇవ్వాలి. కానీ ప్రభుత్వానికి చెప్పడం వేరు, వీధికి చెప్పడం వేరు. ఇంటికొచ్చే వర్కర్‌ని "యూనిఫాం లేకుండా రండి, లేదా నేనే సెంటర్‌కి వస్తాను" అని అడగొచ్చు. ఓనర్ ఇల్లు ఖాళీ చేయిస్తాడేమోనన్న టెన్షన్ ఉంటే అదే మొదటిరోజు వాళ్ళకి చెప్పేయండి.

బయటికి పొక్కితే

ముందు స్క్రీన్‌షాట్ తీయండి. ఏ గ్రూపు, ఏ నంబరు, ఏ టైము. తర్వాతే డిలీట్ చేయించండి, ముందే చేయిస్తే చూపించడానికి ఏమీ ఉండదు. ఆసుపత్రి సూపరింటెండెంట్ పేరున తెల్లకాగితం మీద రాయండి. నోటిమాట వద్దు. ఇలా రాస్తే సరిపోతుంది:

"ఫలానా తేదీన, ఫలానా ఓపీ నంబరుతో మీ ఆసుపత్రిలో చూపించుకున్నాను. నా రిపోర్టు ఫొటో నాకు చెప్పకుండా బయటివారికి వెళ్ళింది. ఎవరు తీశారో, ఎవరికి పంపారో విచారించి నాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు. ఆ ఫొటోలు తీసివేయించగలరు. నా కేస్ షీట్ నకలు ఇప్పించగలరు."

రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టు. కేస్ షీట్ నకలు అడగడం ఎందుకంటే అది మీ హక్కు, వైద్యమండలి 2002 నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. దాంట్లో తప్పులుంటే, వేరేవాళ్ళ జబ్బు మీ పేరు మీద ఎక్కి ఉంటే, అది కూడా అప్పుడే బయటపడుతుంది. పలకకపోతే సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు, కేజీహెచ్‌కి దగ్గర్లోనే, పొద్దున్నే వెళ్ళండి. మీ వివరాలు వాడి ఎవరైనా డబ్బు లాగితే ఇవన్నీ కాదు, వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆధార్ సైట్లో 'అథెంటికేషన్ హిస్టరీ' అని ఉంటుంది, గత ఆరు నెలల్లో మీ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో కనిపిస్తుంది, అది కూడా చూసుకోండి.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది కదా అంటారు. వచ్చింది. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, అందులో అసలైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలలు గడువిచ్చారు, అంటే 2027 మే. ఆ తర్వాత కూడా ప్రభుత్వం పథకాలు, సబ్సిడీలు ఇవ్వడానికి, మెడికల్ ఎమర్జెన్సీకి, అంటురోగాలప్పుడు మీ ఒప్పుకోలు లేకుండానే వివరాలు వాడుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. కాబట్టి దాని మీద మరీ ఆశ పెట్టుకుని కూర్చోకండి. అడగడానికి మాత్రం 2017 సుప్రీంకోర్టు తీర్పు చాలు, తొమ్మిది మంది జడ్జీలు కలిసి ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు.

ఇవన్నీ రాసి మన ఇంటి సంగతి వదిలేస్తే అన్యాయం. అత్త ఆపరేషన్ రోజు మా ఫ్యామిలీ గ్రూపులో నేనే కేస్ షీట్ ఫొటో పెట్టాను, నలభై మూడు మంది ఉన్న గ్రూపు, అందులో బయాప్సీ ఫలితంతో సహా. "దేవుడి దయ" అని అందరూ దండాలు పెట్టారు. అత్త ఇంటికొచ్చాక చూసి నన్నేమీ అనలేదు, ఫోన్ తిప్పి నా ముందు పెట్టి "ఇది తీసేయగలవేటి?" అంది. అప్పటికి 'అందరికీ డిలీట్' కొట్టే టైము దాటిపోయింది, నా దగ్గర తప్ప ఇంకెక్కడా పోలేదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తీసేయమని అడిగాను, దానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు ఆ జిరాక్స్ షాపుకి వెళ్ళి నా చాట్ తీయించాను. పనిలో పనిగా ఆ మిగతావి కూడా తీసేయి బాబూ అన్నాను. "ఎవరివో ఎలా తెలుస్తుంది సార్, అన్నీ నంబర్లే కదా" అన్నాడు. అన్నీ తీసేయమన్నాను. కాసేపు నా మొహం చూసి, కుర్చీ ముందుకి జరుపుకుని, ఒక్కొక్కటే నొక్కడం మొదలుపెట్టాడు.